మోకాలి మీద గేరు

కారు వచ్చేసరికి తొమోయె చేతిలో కత్తి, కత్తి కింద షిమురా గొంతు ఉన్నాయి. వీధిలోంచి ఆ ఇంజిను చప్పుడు వినబడగానే ఆమె కత్తిని గాల్లోకి ఎత్తి ఆపేసింది. ఆపకపోతే షిమురా గొంతు మీద ఎర్రటి గీత పడి ఉండేది.

"ఏమ్మా, సగం గడ్డంతో పంపించేద్దామనా?" కళ్ళు తెరవకుండానే అన్నాడు షిమురా. ఒకప్పుడు మయెబాషి ఊరంతా టాక్సీ తిప్పిన మనిషి. చప్పుడును బట్టి ఏ బండో చెప్పేస్తాడు. "ఒరేయ్ హిసాషీ! అది రెండు సీట్ల బండిరా. నీ బండే తిరిగొచ్చినట్టుంది, చూడు."

హిసాషికి ఎవరూ చెప్పక్కర్లేదు. కిటికీ పక్క బెంచీ మీద పేపరు చదువుతున్నవాడు అప్పటికే లేచి నిలబడ్డాడు. ఎడమ పక్కంతా పక్షవాతం వచ్చి పడిపోయాక, కర్ర సాయం లేకుండా భర్త లేవడం తొమోయె ఇంతవరకూ చూడలేదు. ఎదురుగా ఉన్న పెద్ద అద్దంలో అతని మొహం కనిపిస్తోంది. వెలిగిపోతోంది. ఆ మొహం చూసి ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

క్షవరం షాపు ముందు, అమ్మేసిన పాత బండి నిలబడే చోటే, బట్ట టాపు ఉన్న చిన్న వెండిరంగు కారు ఆగింది. తొమోయెకు దాన్ని అమ్మిన పాత కార్ల వ్యాపారి కుగా అందులోంచి నడుం విరుచుకుంటూ దిగాడు. హిసాషి ఎడమ కాలు ఈడ్చుకుంటూ బయటికి వెళ్ళి, కుడిచేత్తో బానెట్టు నిమిరాడు. తలుపు అద్దానికి ముక్కు ఆనించి లోపలికి చూశాడు. ముందు సీటు, తర్వాత కింద పాదాలు పెట్టుకునే చోటు. చూసి కాసేపు అలాగే వంగి ఉండిపోయాడు. తిరిగి లోపలికి వచ్చినప్పుడు మొహం మాడిపోయి ఉంది.

"మూడోది ఏది?" అన్నాడు.

"ఏ మూడోది?"

"క్లచ్చి! కింద రెండే ఉన్నాయి."

"నా లైసెన్సు ఆటోమేటిక్ గేరు బండ్లకే కదండీ. క్లచ్చి ఉంటే నేనెలా నడపను?"

"ఓహో. నువ్వు నడపడానికా!"

షిమురా నోటి చుట్టూ నురగ ఉండబట్టి సరిపోయింది, లేకపోతే ఆ క్షణంలో ఏదో ఒకటి అనేవాడే. తొమోయె ఆవిర్లు కక్కుతున్న తువ్వాలు అతని మొహం మీద కప్పి, రెండు అరచేతులతో నెమ్మదిగా అదిమింది. మాట్లాడాల్సిన సమయంలో ఆమెకు చేతిలో ఏదో ఒక పని ఉండాలి.

కుగా తలుపు దగ్గర నిలబడి చేతులు నలుపుకున్నాడు. "ఆటో అని తీసిపారెయ్యకండి హిసాషి గారూ. గేరు రాడ్డుని ఇలా పక్కకి జరిపితే గేర్లు మనమే వేసుకోవచ్చు. వెనక్కి లాగితే పై గేరు, ముందుకి తోస్తే కింది గేరు. క్లచ్చి పని అదే చూసుకుంటుంది."

"మనం వేసుకునేదేముందయ్యా? అర్జీ పెట్టుకుంటాం. దానికి బుద్ధి పుడితే వేస్తుంది." హిసాషి బెంచీ మీద కూలబడి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "అది కారు కాదు. స్కూటరుకి చలేస్తే కోటు తొడిగారు."

షిమురా తువ్వాలు కిందనుంచి పకపకా నవ్వాడు. తొమోయె నవ్వలేదు.

"సోమవారం సెలవు కదా," అంది, కత్తిని తోలు పట్టా మీద నూరుతూ. "అకాగి కొండ మీదికి వెళ్దామనుకుంటున్నాను. మీరు కూడా రావాలి."

"నేను రాను," అంది పేపరు.

ఆ కొండ దారిలో ఒక్కసారి గేర్లు తను వేసుకుంటూ ఎక్కాలి. తొమోయెకు అంతకు మించిన కోరికలేం లేవు. ఉన్న ఈ ఒక్క కోరికా జుట్టు నెరిసినా చావలేదు. ఒకప్పుడు సెలవు రోజున హిసాషి నడిపేవాడు, ఆమె ఎడమ సీట్లో కూర్చునేది. ఇంజిను వినబడాలి, మాట్లాడకు అనేవాడు. ఆమె మాట్లాడేది కాదు. కానీ ఒళ్ళో పెట్టుకున్న హ్యాండుబ్యాగు కింద, మోకాలి మీద, ఆమె కుడి చెయ్యి ఊరుకునేది కాదు. అతను రెండో గేరు వేస్తే అదీ వేసేది. మూడు వేస్తే మూడు. అతని కళ్ళు రోడ్డు మీద ఉంటాయి గనక ఆ సంగతి లోకంలో ఎవరికీ తెలియదని ఆమె ధీమా.

ఇప్పుడు బండి ఉంది. రాడ్డు ఉంది. కానీ ఆ ఎడమ సీటు ఖాళీగా పెట్టుకుని కొండెక్కితే ఏం లాభం? అతను పక్కనుండి చూడాలి. చూశాక ఏమన్నా సరే, ముందు చూడాలి.

*

మర్నాడు షాపు తెరవడానికి ముందే ఆమె ఏటి కట్ట దిగువన ఉన్న మైదానానికి బండి తీసుకెళ్ళింది. కుక్కల్ని తిప్పుకునే ముసలాళ్ళు తప్ప ఎవరూ లేరు.

రాడ్డుని పక్కకి జరిపింది. ఎదురుగా చిన్న అంకె వెలిగింది, ఒకటి. యాక్సిలరేటర్ నొక్కింది. బండి దూకింది. వెనక్కి లాగింది, రెండు. ఇంకా నొక్కింది. చప్పుడు పెరిగింది, ఇంకా పెరిగింది, ముల్లు ఎర్ర గీత దాకా వెళ్ళింది, బండి మొత్తం గొంతు చించుకుంటూ వణుకుతోంది. ఏమైందో ఆమెకు అర్థం కాలేదు. రోజూ కూరగాయలకు వెళ్ళే డబ్బా బండిలో గేరు దానంతటదే మారిపోతుంది, ఇదీ మారుతుందని చూస్తోంది. తీరా చూస్తే బండి తన కోసం ఎదురుచూస్తోంది.

రాడ్డు వెనక్కి లాగింది. అరుపు ఆగి, చప్పుడు లావుగా, హాయిగా దిగింది. వీపు సీటుకి అతుక్కుంది. తొమోయె ఒక్కత్తీ కూర్చుని గట్టిగా నవ్వేసింది. ఓ ముసలాయన కుక్కని దగ్గరికి లాక్కుని ఆమె వంక అనుమానంగా చూశాడు.

ఇంకో చిక్కుంది. గేరు మార్చాలనుకున్నప్పుడల్లా ఆమెకు ముందు కుడి చెయ్యి కదిలేది, స్టీరింగు వదిలేసి. ఇన్నేళ్ళూ గేర్లు నేర్చుకున్నది ఆ చెయ్యే మరి, మోకాలి మీద. రాడ్డేమో ఇప్పుడు ఎడమ పక్కనుంది. ఎడమ చేతికి అంతా మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది.

ఇంటికొచ్చేసరికి హిసాషి కిటికీ దగ్గర కూర్చుని సోయా ముద్ద కలిపిన మిసో పులుసు తాగుతున్నాడు.

"కట్ట దగ్గర రెండో గేర్లో బండి గొంతు పిసికావ్. ఇక్కడికి వినబడింది."

"వినబడితే చెవులు మూసుకోవాల్సింది."

"మూసుకుందామనే చూశా. ఒక చెయ్యికి ఒక చెవే మూతపడుతుంది."

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ దిగమింగి అతని గిన్నెలో ఇంకాస్త పులుసు పోసింది. అతను తాగకుండా ఆ గిన్నె వైపే చూస్తూ, "తర్వాత రెండు మూడుసార్లు సరిగ్గానే మార్చావులే," అని గొణిగాడు. విననట్టు నటించింది.

శనివారం షాపులో జనం ఎక్కువ. ఒకప్పుడు హిసాషి జుట్టు కత్తిరిస్తే, ఆమె గడ్డాలు గీసేది, తలలు కడిగేది. ఇప్పుడు అన్నీ ఆమే. అతను బెంచీ మీదనుంచి నోటితో కత్తిరిస్తాడు.

"చెవి మీద ఎక్కువ తీస్తున్నావ్."

"తీయట్లేదండీ."

"వెనక మెట్లు పడుతున్నాయి."

కుర్చీలో ఉన్న పోస్టుమాస్టరు పాపం అద్దంలోంచి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయన భయం ఆయనది, తల ఆయనదే కదా.

హిసాషికి ఏం తోచిందో, లేచి వచ్చి బల్ల మీద కత్తెర తీసుకున్నాడు. కుడిచేతి వేళ్ళలో అది ఎప్పటిలాగే కిచకిచలాడింది. పోస్టుమాస్టరు వెనక నిలబడ్డాడు. కానీ దువ్వెన పట్టాల్సింది ఎడమ చెయ్యి. జుట్టుని దువ్వెన ఎత్తి పట్టుకుంటేనే కత్తెరకి పని. ఆ చెయ్యి కోటు జేబులో పెట్టింది పెట్టినట్టే ఉంది. కత్తెర గాల్లో నాలుగైదుసార్లు ఆడి ఆగింది.

తొమోయె దువ్వెనతో ఓ పాయ ఎత్తి పట్టుకుంది. "ఇదిగో, నేను పడతాను. మీరు కత్తిరించండి."

అతను ఆ దువ్వెన వంక, పట్టుకున్న ఆమె చేతి వంక చూశాడు. కత్తెర బల్ల మీద పెట్టేసి, వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. సాయంత్రం దాకా ఇక నోరెత్తలేదు. ఆమె కత్తిరింపు గురించి కూడా ఏమీ అనలేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

*

సోమవారం పొద్దున ఆమె బండి తాళం తీసుకుని కిందికి దిగేసరికి హిసాషి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. తల మీద టోపీ, పక్కన కర్ర, కుడిచేతికి మాత్రం పాత తోలు గ్లవుజు.

"రానన్నారుగా?"

"ఇంట్లో కూర్చుని వినే కంటే బండిలో కూర్చుని వింటే చెవులకి మంచిది."

ఎడమ సీట్లో కూర్చోవడం అతనికి చేతకాలేదు. జీవితంలో ఎన్నడూ కూర్చున్నవాడు కాదు. అలవాటుగా కుడి పక్కకి నడిచి, తలుపు మీద చెయ్యి వేసి, ఆగి, బండి చుట్టూ తిరిగొచ్చాడు. ఆమె అతని ఎడమ కాలు ఎత్తి లోపల పెట్టింది, బెల్టు వేసింది. టాపు వెనక్కి దించింది. చల్లటి గాలి మొహానికి కొట్టింది.

ఊరు దాటి, కొన్యాకు దుంపల చేలు దాటి, కొండ మొదలైంది. తొమోయె రాడ్డు పక్కకి జరిపింది.

మొదటి మలుపు రాకముందే మొదలుపెట్టాడు.

"రెండు."

"తెలుసు."

"బ్రేకు అయ్యాక. ముందు కాదు. ఆ, ఇప్పుడు. మూడు! మూడెయ్, ఏం చూస్తున్నావ్?"

"వినబడనివ్వండి," అంది తొమోయె. "ఇంజిను వినబడాలి. మాట్లాడకండి."

అతను టక్కున నోరు మూశాడు. ఆ మాట ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

ఆపైన నాలుగైదు మలుపులు ఆమె బతుకులో మరిచిపోలేనివి. బ్రేకు, తోయడం, ముక్కు లోపలికి తిరగడం, కొండ పక్కకి జరిగి రోడ్డు తెరుచుకోవడం, లాగడం. ఎడమ చేతికి ఇప్పుడు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. ఎర్రబడ్డ చెట్లు రెండు పక్కలా వెనక్కి పోతున్నాయి. ఇన్నేళ్ళు ఈ ఆనందం పక్క సీటుకి జానెడు దూరంలో ఉండి, తనకి అందలేదు కదా అనుకుంటే ఒక్కసారి కళ్ళు చెమర్చాయి.

బాగా మెలికపడ్డ మలుపు ఒకటి వచ్చింది. రెండో గేర్లో నెమ్మదిగా తిరిగింది. మలుపు తెరుచుకుంటోంది, ఇంకొక్క క్షణం ఆగి లాగుదామనుకుంది. ఇంతలో ఆమె చేతి మీద తోలు గ్లవుజు పడింది. గట్టిగా ముందుకి తోసింది.

బండి కెవ్వుమంది. ముక్కు కిందికి కుంగింది. తడి ఆకుల మీద వెనక చక్రాలు పట్టు తప్పి పక్కకి జారాయి. లోపలి వైపు కాలవ అంచు సర్రున దగ్గరికొచ్చింది. తొమోయె స్టీరింగు అటు తిప్పి, ఇటు తిప్పి, ఎలాగో బండిని దారిలోకి తెచ్చుకుంది. కాస్త పైన, చలికాలంలో చక్రాలకి గొలుసులు కట్టుకునే ఖాళీ జాగా ఉంది. అందులోకి మళ్ళించి ఆపింది.

స్టీరింగు వదిలి అతని వైపు తిరిగింది.

"ఏం చేశారు మీరు?"

"మూడో గేరు వేశాను."

"పడింది ఒకటో గేరు! దీంట్లో ముందుకి తోస్తే కిందికి. కుగా మీ ఎదురుగానే చెప్పాడు."

"రెండు నుంచి మూడుకి ఎవరైనా ముందుకే తోస్తారు."

"మీ బండిలో తోస్తారు. మీ బండి పోయింది." అనేశాక ఆగలేకపోయింది. "అసలు నా చేతి మీద చెయ్యెందుకు వేశారు? మీరు నడిపినన్నాళ్ళూ నేనెప్పుడైనా వేశానా? నోరైనా విప్పానా? మాట్లాడకు అంటే మాట్లాడలేదు. ఆటో లైసెన్సు చాల్లే నీకు అంటే అదే తీసుకున్నాను. ప్రతి సెలవుకీ మూటలా మోసుకొచ్చి మూటలా దింపారు. ఒక్క రోజండీ. ఒక్క రోజు నా చెయ్యి నాకు వదిలెయ్యలేరా?"

హిసాషి పళ్ళతో గ్లవుజు లాగి తీసేసి, కుడి అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"తమాషా చూడు," అన్నాడు చివరికి. "ఈ చెయ్యి జన్మలో గేరు వెయ్యలేదు. వేసిందంతా అదే." ఒళ్ళో పడి ఉన్న ఎడమ చేతి వైపు గడ్డంతో చూపించాడు. "అది పోతూ పోతూ దీనికి చెప్పి పోయినట్టుంది."

"చెప్పింది తప్పు చెప్పింది."

"తప్పే." టోపీ సర్దుకున్నాడు. "ఇక ముట్టుకోను. పోనీ."

ఆమె బండి తీసింది. కోపం తగ్గకపోయినా చెయ్యి నిదానంగానే ఉంది. లాగింది, రెండు. లాగింది, మూడు. అతను నిజంగానే మాట్లాడలేదు. ఊపిరి కూడా చప్పుడు లేకుండా తీస్తున్నాడు. మలుపు ముందు బ్రేకు వేస్తూ ఓరగా చూసింది, అలిగాడేమోనని.

అతని కుడి చెయ్యి మోకాలి మీద ఉంది. ఆమె రాడ్డు ముందుకి తోసినప్పుడు అది మోకాలి మీద ముందుకి జరిగింది. లాగినప్పుడు వెనక్కి వచ్చింది. ఇప్పుడది ఏ తప్పూ చెయ్యడం లేదు. తొమోయె చటుక్కున చూపు తిప్పేసుకుంది, చూడకూడనిది చూసినట్టు.

*

పైన సరస్సు ఒడ్డున దుకాణం వాడు పుల్లలకు గుచ్చిన మంజూ బన్నులు బొగ్గుల మీద కాలుస్తున్నాడు. తియ్యటి మిసో మాడిన వాసన. ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. పళ్ళతో లాగితే అతని ఒంటి చేతిలో పుల్ల జారిపోతోంది, మంజూ ఊడి రావడం లేదు. తొమోయె పుల్ల పట్టుకుంది. అతను పళ్ళతో లాగి తిన్నాడు. గడ్డానికి అంటిన మిసో ఆమె బొటనవేలితో తుడిచేసింది.

"వచ్చేటప్పుడు నా చెయ్యి చూశావ్," అన్నాడు హిసాషి.

"చూశాను."

"నీదీ అలాగే ఆడేది."

ఆమె చేతిలో పుల్ల ఆగింది.

"బ్యాగు కింద," అన్నాడు అతను, సరస్సు వైపే చూస్తూ. "ఒక్కోసారి నాకంటే ముందే వేసేదానివి. బ్యాగు కదిలేది. అది చూసి నేను మార్చేవాణ్ణి."

"మీకు తెలుసా?"

"పెళ్ళైన కొత్తల్లోనే తెలుసు."

"తెలిసి కూడా..."

"తెలిసే."

"మరి ఒక్కసారైనా ఇవ్వలేదేం?"

అతను కర్ర మొనతో గులకరాళ్ళు కదిపాడు. "ఒకసారి ఇస్తే మళ్ళీ మళ్ళీ అడుగుతావని," అన్నాడు.

తొమోయె పుల్ల బల్ల మీద పెట్టి లేచింది. నీళ్ళ అంచు దాకా నడిచి అక్కడ నిలబడింది. తెలియక చేశాడనుకున్నన్నాళ్ళూ ఓర్చుకోవడం కష్టమనిపించలేదు. తెలిసే చేశాడంటే ఓర్చుకోవడమెలా? అన్ని సోమవారాలు. అంత చిన్న కోరిక. సరే, ఇకమీదట అతని చెయ్యి ఆ మోకాలి మీదే ఆడనీ, తనది ఆడినన్నాళ్ళూ ఆడనీ అనుకుంది. అది న్యాయమే. ఎవరూ కాదనలేరు.

వెనక్కి వచ్చి మాట్లాడకుండా అతని కాలు ఎత్తి బండిలో పెట్టింది, బెల్టు వేసింది.

కొండ దిగడం మొదలైంది. ఈసారి అటు చూడనే చూడకూడదనుకుంది. మొదటి మలుపు దాటింది, రెండోది కూడా. మూడో మలుపులో ఎండ సూటిగా కళ్ళలో పడి, తల తిప్పక తప్పలేదు. అతని నెత్తిన టోపీ లేదు. టోపీ మోకాలి మీద ఉంది, చేతిని కప్పేసి. ఆమె గేరు దించింది. టోపీ కొంచెం ముందుకి జరిగింది.

అంతే, ఆమెకు ఇక మనసు రాయి చేసుకోవడం చేతకాలేదు. చెయ్యి కనబడకుండా కప్పుకోవడం ఎలా ఉంటుందో ఈ లోకంలో తనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

దారి కాస్త సూటిగా ఉన్నచోట ఆమె ఆ టోపీ తీసి తన ఒళ్ళో పడేసుకుంది. అతని చెయ్యి పట్టుకుని ఎత్తి, రాడ్డు మీద పెట్టింది.

"ముందుకి తోస్తే?" అంది.

అతను రాడ్డు వంక చూశాడు. "కిందికి."

"వెనక్కి లాగితే?"

"పైకి."

"ఎప్పుడు?"

హిసాషి ఆమె వైపు చూశాడు.

"నువ్వు చెప్పినప్పుడు," అన్నాడు.

ఆమె రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుంది. మలుపు దగ్గరికొచ్చింది. బ్రేకు నొక్కి, ఇంజిను విని, "రెండు," అంది. అతను తోశాడు. బండి గుర్రుమని తగ్గి, మలుపులోకి ఒదిగిపోయింది.

రోడ్డు మళ్ళీ తెరుచుకుంది. రాడ్డు మీద అతని వేళ్ళు బిగుసుకున్నాయి. అలవాటు కొద్దీ లాగబోయి, ఆగి, ఆమె మాట కోసం చూస్తూ ఉండిపోయాయి.